ఈల ఊదని గురువు

అమెరికాకు వచ్చిన కొత్తలో ఇక్కడివాళ్ళ ఫుట్‌బాల్ నాకు బొత్తిగా కొరుకుడు పడేది కాదు. పేరులో కాలుంది గానీ ఆటంతా చేతుల మీదే నడుస్తుంది. బంతి చూడబోతే పీచు తీయని కొబ్బరికాయ వాటంగా ఉంటుంది. నాలుగు క్షణాలు కలబడతారు, ఆపైన అర నిమిషం పాటు గుమిగూడి మంతనాలాడతారు. మన చెడుగుడులో కూతకొచ్చినవాణ్ణి పట్టి పడేసినట్టే, ఇక్కడ బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి పట్టి పడేయాలి. దాన్ని టాకిల్ అంటారు. ఆ ఒక్క సంగతీ అర్థమయ్యాక చూపు కాస్త నిలిచింది గానీ అంతకు మించి ఆసక్తి పుట్టలేదు. ఈ ఆట గురించి నేనొక టపా రాస్తానని అప్పట్లో ఎవరైనా అని ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి.

రాయడానికి కారణం ఒక మనిషి. పేరు జాన్ గాగ్లియార్డి. ఇటలీ పేరు, ఇక్కడివాళ్ళు గలార్డి అని పలుకుతారు, నేనూ అలాగే రాస్తాను. అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ చరిత్రలో అందరికంటే ఎక్కువ ఆటలు గెలిపించిన కోచ్ ఆయన. 64 సీజన్లు, 489 గెలుపులు, 138 ఓటములు, 11 సమాన ఫలితాలు. 2012లో విరమించుకునేనాటికి ఆయన వయసు 86. 2018 అక్టోబరులో, తొంభై రెండో పుట్టినరోజుకు మూడు వారాల పైచిలుకు ఉందనగా కన్నుమూశాడు. ఆ అంకెను ఇవాళ్టికీ ఎవరూ దాటలేదు. అంకె సంగతి అలా ఉంచితే, దాన్ని ఆయన సాధించిన పద్ధతే నన్ను చాలాకాలంగా వెంటాడుతూ ఉంది.

ఆయన గురించి నాకు మొదట చెప్పినవాడు మా ఆఫీసులో ఒక పెద్దాయన. మిన్నెసోటా రాష్ట్రంలో నేను పనిచేసే రోజుల్లో పక్క గదిలో కూర్చునేవాడు. 1970 దశకంలో సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. ఆ నాలుగేళ్ళూ అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడు. 'బాగా ఆడేవారా?' అని అడిగితే పెద్దగా నవ్వాడు. తాను నిజంగా ఆటలోకి దిగిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చునట. అవీ గెలుపు ఖాయమైపోయాక, చివరి నిమిషాల్లో. అయినా ఆ రోజులను తలచుకున్నప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోయేది. జట్టుకు మూలస్తంభమై నిలిచినవాడికి ఉండవలసిన వెలుగు అది. నాకు వింతగా తోచిన మరో సంగతి, తన గురువును ఆయన 'జాన్' అనే అనేవాడు. ఈ దేశంలో పై అధికారినీ, పిల్లనిచ్చిన మామగారినీ కూడా పేరు పెట్టి పిలుస్తారు గానీ, ఫుట్‌బాల్ కోచ్‌ను మాత్రం 'కోచ్' అనే పిలుస్తారు, మనం 'మాస్టారూ' అన్నట్టు. ఉద్యోగం వదిలేసి ముప్పయ్యేళ్ళయినా ఆ పిలుపు పోదు. గలార్డి మాత్రం తనను కోచ్ అనవద్దనీ, జాన్ అంటే చాలుననీ చెప్పేవాడట.

2005 అక్టోబరులో ఒక శనివారం ఆ పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. మినియాపొలిస్ నుంచి వాయవ్యంగా గంటన్నర లోపు ప్రయాణం. కాలేజ్‌విల్ అని పేరే గానీ ఊరంటూ పెద్దగా ఏమీ లేదు. బెనడిక్టైన్ క్రైస్తవ సన్యాసుల మఠం, దాన్ని అంటిపెట్టుకుని విశ్వవిద్యాలయం, చుట్టూ అడవి, చెరువులు. మార్సెల్ బ్రాయర్ రూపకల్పన చేసిన మఠం చర్చి, దాని ముందు ఆకాశానికి అడ్డంగా నిలబెట్టిన కాంక్రీటు గోడలో వేలాడే గంటలు. ఆ పక్కన పల్లంలో, గిన్నె అడుగున పరిచినట్టు ఆటస్థలం. గట్ల మీద చెట్లు, వాటి కింద తువ్వాళ్ళు పరుచుకుని కూర్చున్న జనం, అక్కడక్కడా నల్లటి అంగీల్లో సన్యాసులు. మైదానం అంచున ఎర్ర చొక్కాల కుర్రాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఎదుటి జట్టును చూస్తే వీళ్ళు చాలా ఎక్కువమంది. 'ఇంతమందీ ఆడతారా?' అన్నాను. 'ఆడరు. కానీ ఇంతమందీ జట్టే' అన్నాడు పెద్దాయన. వాళ్ళ ముందు టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, తోటలో మొక్కలు చూసుకుంటున్నవాడిలా నింపాదిగా తిరుగుతున్నాడు. మెడలో ఈల లేదు.

ఆ తరువాత ఆయన గురించి దొరికినదల్లా చదివాను. ఆస్టిన్ మర్ఫీ అనే క్రీడాపాత్రికేయుడు ఒక సీజనంతా కుటుంబంతో సహా కాలేజ్‌విల్‌లోనే ఉండి ఒక పుస్తకం రాశాడు. 'ద స్వీట్ సీజన్' అని దాని పేరు, 2001లో వచ్చింది. ఇంతకీ కథ మొదలయ్యేది అంతకు చాలా ముందు, కొలరాడో రాష్ట్రంలో.

దక్షిణ కొలరాడోలో ట్రినిడాడ్ అని బొగ్గుగనుల ఊరు. గలార్డి 1926లో అక్కడ, ఇటలీనుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. 1943లో ఆయన ఉన్నత పాఠశాల చివరి సంవత్సరంలో ఉండగా బడి ఫుట్‌బాల్ కోచ్‌ను యుద్ధానికి పిలిపించారు. కోచ్ లేడు గనుక ఈ ఏడు ఆట ఎత్తేద్దామన్నారు బడిని నడిపే ఫాదరీలు. అప్పుడు జట్టు కెప్టెనుగా ఉన్న ఈ పదహారేళ్ళ కుర్రాడు వెళ్ళి, నేను నేర్పిస్తానన్నాడు. సరేనన్నారు.

తోటివాళ్ళకు కోచ్ అయిన కుర్రాడు మొదట ఏం చేస్తాడు? చేతికి అధికారం వచ్చింది గనుక ఈల కొనుక్కుంటాడు. గలార్డి అందుకు విరుద్ధంగా, ఆటగాడిగా తనకు ఏవేవి గిట్టేవి కావో వాటిని ఒక్కొక్కటిగా తీసేశాడు. ఒళ్ళు హూనమయ్యే కసరత్తులు తీసేశాడు. దాహమేస్తే నీళ్ళు తాగనిచ్చాడు. ఇది చెప్పుకోవలసినంత గొప్ప విషయమా అనిపించవచ్చు. ఆ కాలంలో అభ్యాసం మధ్యలో నీళ్ళు తాగడం బలహీనత కింద లెక్క. ఎండలో గంటల తరబడి ఆడించి, గుక్కెడు నీళ్ళివ్వకపోవడమే మగతనానికి శిక్షణ అనుకునేవారు. నీళ్ళు తాగిన జట్టు బాగానే ఆడింది. ఉన్నత పాఠశాలల స్థాయిలో ఆయన నేర్పిన ఆరేళ్ళలో నాలుగుసార్లు ఆయన జట్లు తమ కాన్ఫరెన్సులో విజేతలయ్యాయి. మధ్యలో తన సొంత చదువు కూడా చదువుకుంటూ, 1949లో కొలరాడో కాలేజీ నుంచి పట్టా పుచ్చుకున్నాడు.

అదే ఏడాది మోంటానా రాష్ట్రం హెలెనాలోని కారల్ కాలేజీలో కోచ్‌గా చేరాడు. నాలుగేళ్ళలో 24 గెలుపులు, 6 ఓటములు, ఒకటి సమానం. 1953లో సెయింట్ జాన్స్ పిలిచింది. అప్పటికి అక్కడ కోచ్‌గా ఉన్నది జానీ మెక్‌నాలీ, వృత్తి ఫుట్‌బాల్‌లో పెద్ద పేరున్న ఆటగాడు. ఇక్కడ ఎవరి తరమూ కాదు గెలవడం అని ఆయన వెళుతూ వెళుతూ ఈ ఇరవయ్యారేళ్ళ కుర్రవాడితో అన్నాడని చెబుతారు. ఆ ఏడాదే సెయింట్ జాన్స్ కాన్ఫరెన్సు విజేతల సరసన నిలిచింది. గలార్డి ఆపైన అరవై సీజన్లు అక్కడే ఉండిపోయాడు. 1963, 1965, 1976, 2003లలో ఆయన జట్లు తమ స్థాయిలో జాతీయ విజేతలయ్యాయి. కాన్ఫరెన్సు విజయాలు మొత్తం 27.

'తమ స్థాయి' అన్నాను గనుక ఒక మాట చెప్పాలి. టీవీలో కనబడే లక్షమంది ప్రేక్షకుల కళాశాల ఫుట్‌బాల్ వేరు. అక్కడ ఆటగాళ్ళకు చదువు ఉచితం, కోచ్‌ల జీతాలు కోట్లలో. సెయింట్ జాన్స్ ఆడేది మూడవ డివిజన్‌లో. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. తమ ఫీజు తాము కట్టుకుని, పరీక్షలు రాసుకుంటూ, ఇష్టం కొద్దీ ఆడే పిల్లలు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకు రావలసి ఉంటుంది.

ట్రినిడాడ్‌లో మొదలైన ఆ తీసివేతలు కాలేజ్‌విల్‌లో ఏళ్ళ తరబడి పెరుగుతూ పోయాయి. చివరికి వందకు పైగా 'వద్దుల' జాబితా తయారైంది. అభ్యాసంలో ఈల ఉండదు. టాకిల్ చేయడం ఉండదు. దిమ్మెలను భుజాలతో గుద్ది తోయడం ఉండదు. బరువులెత్తడం తప్పనిసరి కాదు. లావుపాటి ప్లేబుక్ బట్టీపట్టడం లేదు. గంటన్నరకు మించి అభ్యాసం లేదు. దోమలు మరీ ముసురుకుంటే అదీ లేదు. తిట్లు లేవు. ఒకే నాయకుడంటూ లేడు, చివరి సంవత్సరం వాళ్ళంతా వంతులవారీగా కెప్టెన్లు. పుస్తకం నిండా నిబంధనలు లేవు. ఎదుటివాడు నీతో ఎలా ఉండాలనుకుంటావో నువ్వు వాడితో అలా ఉండు, అదొక్కటే నియమం. అన్నిటికంటే పెద్ద 'వద్దు' ఒకటుంది. జట్టులోకి వచ్చినవాణ్ణి పంపేయడం లేదు. ఆడతానని వచ్చిన ప్రతివాడూ జట్టులో ఉంటాడు. అందుకే ఆ గట్టు కింద అంత జనం.

కసరత్తుల మీద ఆయన వెటకారం ఎంతదాకా వెళ్ళిందంటే, వాళ్ళ వార్మప్పులో ఒక అంశం ఉంది. అందరూ గడ్డి మీద వెల్లకిలా పడుకోవాలి. పక్కవాడి వైపు తిరిగి 'ఇవాళ ఎంత బాగుందో కదూ' అనాలి. అంతే, కసరత్తు అయిపోయింది.

మరి గెలుపెలా వచ్చింది? నేను మొదట్లో అనుకున్నట్టు, ప్రేమగా ఉంటే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఆడేస్తారన్న మెత్తని సిద్ధాంతం కాదది. తీసేసినవాటి వల్ల మిగిలిన సమయమంతా ఒకే పనికి పెట్టేవాడు. ఒక ఎత్తును పట్టుకుని, పదకొండు మందిలో ప్రతి ఒక్కడి అడుగూ సరిగ్గా పడేదాకా మళ్ళీ మళ్ళీ నడిపించడం. ఎవడు ఎటు కదలాలి, ఎందుకు కదలాలి, ఎదుటివాడు ఇలా వస్తే ఏం చేయాలి. చూడవలసింది చూడడం, ఆలోచించడం, తప్పు కనబడితే ఆపి సరిచేయడం. ఆ విషయంలో రాజీ లేదు. టాకిల్ నేర్పకుండా ఎలా అంటే, పడేయడం కంటే ముందు పడేయవలసిన చోటికి సరైన కోణంలో చేరుకోవడం ముఖ్యం, ఆ చేరుకోవడం ఒంటికి దెబ్బ తగలకుండానే నేర్పవచ్చు. మిగతా జట్లు మంగళ, బుధవారాల్లో ఒకరినొకరు కుమ్ముకుని శనివారానికి కట్లు కట్టుకుని వస్తుంటే, వీళ్ళు ఒళ్ళు నొప్పులు లేకుండా, ఆడాలన్న ఆకలితో వచ్చేవారు. సీజను చివరికొచ్చేసరికి ఆ తేడా ఇంకా పెరిగేది.

2000 డిసెంబరులో జాతీయ స్థాయి అంతిమ పోటీలో సెయింట్ జాన్స్ జట్టు ఒహాయోకు చెందిన మౌంట్ యూనియన్ చేతిలో 10-7తో, ఆఖరి ఘడియలో ఓడిపోయింది. 2003 నవంబరు 8న బెథెల్ జట్టును 29-26తో ఓడించినప్పుడు గలార్డికి అది 409వ గెలుపు. లూజియానాలోని గ్రాంబ్లింగ్‌లో, నల్లజాతి విద్యార్థులకు తెల్లవాళ్ళ విశ్వవిద్యాలయాల తలుపులు మూసి ఉన్న కాలం నుంచీ జట్లను తీర్చిదిద్దిన ఎడ్డీ రాబిన్సన్ 1997లో 408 దగ్గర ఆగాడు. ఆ రికార్డు ఆ రోజు దాటింది. మరుసటి నెలలో అంతిమ పోటీలో ఎదురైనది మళ్ళీ మౌంట్ యూనియనే. అప్పటికి వరుసగా 55 ఆటలు గెలిచి ఉంది. సెయింట్ జాన్స్ 24-6తో గెలిచింది. గలార్డికి 77 ఏళ్ళు.

ఇప్పుడు ఇంకో కోచ్ సంగతి చెబుతాను. గలార్డి కాలేజ్‌విల్‌లో రెండో సీజను మొదలుపెడుతున్న 1954లోనే, టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి కొత్తగా వచ్చిన 'బేర్' బ్రయంట్ తన జట్టును జంక్షన్ అనే ఊరికి తీసుకెళ్ళాడు. కరువు రోజులు, రాళ్ళ నేల, నిప్పులు చెరిగే ఎండ. పది రోజులు తెల్లవారకముందు నుంచీ అభ్యాసం, మధ్యలో నీళ్ళు లేవు. సుమారు వందమంది వెళితే, మిగిలినవాళ్ళు ముప్పై అయిదుమందికి అటూ ఇటూ. తక్కినవాళ్ళు రాత్రిళ్ళు సామాను సర్దుకుని, రోడ్డెక్కి ఇళ్ళకు పోయారు. ఆ సీజనులో జట్టు పది ఆటలాడి ఒక్కటే గెలిచింది. రెండేళ్ళ తరువాత కాన్ఫరెన్సు విజేత అయింది. బ్రయంట్ ఆపైన అలబామాలో ఆరు జాతీయ విజయాలు సాధించి, అమెరికా ఆరాధించే కోచ్‌లలో ఒకడయ్యాడు. జంక్షన్‌లో మిగిలినవాళ్ళ మీద పుస్తకం వచ్చింది, టీవీ సినిమా వచ్చింది. వాళ్ళ పట్టుదలకు చేతులెత్తి మొక్కవలసిందే. కానీ ఆ కథ చదివినప్పుడల్లా నా చూపు రోడ్డెక్కి వెళ్ళిపోయిన ఆ అరవై మంది మీదికే పోతుంది.

ఎందుకంటే అలాంటి చోట నేనూ రెండేళ్ళున్నాను. మన వైపు ఇంటర్మీడియట్ వసతి కళాశాల అంటే మీలో చాలామందికి వివరించనవసరం లేదు. పేరు అనవసరం. ఉదయం అయిదుకు ఈల, రాత్రి పదకొండుకు ఈల, నడుమ స్టడీ అవర్లు. ఆదివారం పరీక్ష, సోమవారం గోడ మీద ర్యాంకులు, మార్కులు తగ్గినవాళ్ళకు బెత్తం. దండం దశగుణం అన్న మాట అక్కడ సుభాషితంగా కాదు, పాలనా విధానంగా చెలామణీ అయ్యేది.

నా గదిలో కోనసీమ నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు. లెక్కల్లో మా అందరికంటే చురుకైనవాడు. కాకపోతే నోట్సులో ఉన్న పద్ధతిలో చేసేవాడు కాదు. తనదైన దారిలో పోయి, కొన్నిసార్లు నాలుగు వరుసల్లో తేల్చేసేవాడు, కొన్నిసార్లు దారి తప్పేవాడు. దారి తప్పినప్పుడు దెబ్బలు పడేవి, తేల్చేసినప్పుడు 'స్టెప్పులు రాయలేదు' అని పడేవి. రెండో సంవత్సరం సంక్రాంతి సెలవులకు వెళ్ళి తిరిగి రాలేదు. వాళ్ళ నాన్నగారు ఒక్కరే వచ్చి పరుపుచుట్ట, ట్రంకుపెట్టె తీసుకుపోయారు. గుమ్మంలో ఆగి, 'మావాడు తట్టుకోలేకపోయాడు బాబూ' అన్నారు, తప్పు తన కొడుకుదే అయినట్టు. ఆ వేసవిలో మా కళాశాల వేసిన పత్రికా ప్రకటన నిండా ర్యాంకులూ ఫోటోలూ. అది చూసినవాళ్ళకు ఆ పద్ధతి పనిచేస్తుందనడానికి ఇంకేం రుజువు కావాలి? మా గదిలో ఖాళీ అయిన మంచం ఆ ప్రకటనలో లేదు.

నా మిత్రుడు ఇప్పుడు సొంత ఊళ్ళో ఎరువుల దుకాణం నడుపుకుంటూ హాయిగానే ఉన్నాడు. మళ్ళీ ఎన్నడూ లెక్కల పుస్తకం ముట్టుకోలేదని మాత్రం ఒకసారి మాటల్లో అన్నాడు. ఇంటర్ ఫలితాలు వచ్చిన వేసవుల్లో మన పత్రికల్లో వచ్చే వార్తలు చదివితే, వెళ్ళిపోగలిగినవాడు అదృష్టవంతుడని కూడా అనిపిస్తుంది.

గలార్డి జీవితంలో నాకు అర్థమైనది ఇది. బాధపెట్టే శిక్షణ మనుషులను తయారుచేస్తుందని మనం నమ్ముతాం. చాలాసార్లు అది చేసే పని తయారుచేయడం కాదు, ఏరడం. అంతకుముందే గట్టిగా ఉన్నవాళ్ళు మిగులుతారు. మిగిలినవాళ్ళు గెలుస్తారు. గెలిచినవాళ్ళు తమ గెలుపుకు ఆ బాధే కారణమని మనసారా నమ్మి, తమ శిష్యులకూ పిల్లలకూ అదే పెడతారు. పోయినవాళ్ళ లెక్క ఏ దస్త్రంలోనూ ఉండదు గనుక పద్ధతి ఎప్పటికీ ఓడిపోదు. ఏరివేతను పూర్తిగా మానేసి, వచ్చిన ప్రతివాణ్ణీ ఉంచుకుని, అయినా 489 సార్లు గెలిచి చూపించిన మనిషి ఒకడున్నాడు గనుక ఆ నమ్మకాన్ని ఇకమీద మనం ప్రశ్నించవచ్చు.

ప్రశ్నించవచ్చు గానీ, తేలిగ్గా తీర్పు చెప్పలేం. మూడవ డివిజన్ సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. సెయింట్ జాన్స్‌కు వచ్చేవాళ్ళు అప్పటికే ఆట మీద ప్రేమతో, ఇళ్ళల్లో అంతో ఇంతో కలిమితో వచ్చినవాళ్ళు. ఓడినా వాళ్ళ బతుకు ఆగదు. మా వసతి కళాశాలలో ఒక సీటు వెనక అమ్మేసిన అరెకరం ఉండేది. అంత పణం ఒడ్డినచోట 'ఇవాళ ఎంత బాగుందో కదూ' అనుకోమంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ తేడా చిన్నది కాదు.

ఇంకొకటి కూడా ఉంది, ఇది నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. 1953లో గలార్డి గెలవకపోయి ఉంటే? మూడేళ్ళు వరసగా ఓడిపోయి ఉంటే ఆ ఫాదరీలు ఎంత మంచివాళ్ళయినా, 'ముందు ఒక ఈల కొనుక్కోవయ్యా' అని ఉండేవారు. క్రూరత్వం ఓడిపోతే 'ఇంకా గట్టిగా ఉండవలసింది' అంటారు. దయ ఓడిపోతే 'దయ చూపడమే తప్పు' అంటారు. జంక్షన్ జట్టు ఆ ఏడాది తొమ్మిది ఆటలు ఓడినా ఆ శిబిరం పురాణగాథ అయింది. గలార్డి తన పద్ధతికి ప్రతి ఏడాదీ రుజువు చూపించుకోవలసి వచ్చింది.

చూపించినా, ఎంతమంది విన్నారు? అరవై ఏళ్ళపాటు రుజువు కళ్ళముందే ఉంది. వచ్చి చూసినవాళ్ళున్నారు, ఆశ్చర్యపడినవాళ్ళున్నారు. 2006లో కళాశాల ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చి గౌరవించారు. మూడవ డివిజన్‌లో ఉత్తమ ఆటగాడికి 1993 నుంచీ ఇచ్చే బహుమతికి ఆయన పేరే పెట్టారు. పద్ధతిని మాత్రం దాదాపు అందరూ అక్కడే వదిలి వెళ్ళారు. మార్పు వచ్చింది వేరే దారిన. తలకు పదేపదే దెబ్బలు తగిలిన ఫుట్‌బాల్ ఆటగాడి మెదడు ఏమవుతుందో డాక్టర్ బెనెట్ ఒమాలు 2005లో ప్రచురించాక భయం మొదలైంది. 2010లో డార్ట్‌మత్ కోచ్ బడీ టీవెన్స్ అభ్యాసంలో టాకిల్ తీసేశాడు. 2015లో ఆ జట్టు ఐవీ లీగ్ విజేతల్లో ఒకటైంది. 2016లో ఆ లీగ్ కోచ్‌లందరూ సీజను నడుస్తుండగా అభ్యాసంలో ఒకరినొకరు పడేసుకోవడం మానేద్దామని తీర్మానించారు. దయ చెప్పినప్పుడు వినని మాటను వైద్యం చెప్పినప్పుడు విన్నారు. పోనీ, ఏ దారిన వస్తేనేం, వచ్చింది.

గెలుపుల అంకెను అతిగా నమ్మకూడదనడానికి గలార్డి సమకాలికుడి కథే చాలు. పెన్ స్టేట్ కోచ్ జో పటర్నో కూడా 2011లో 409కి చేరాడు. కొద్ది రోజులకే, ఒకప్పటి తన సహాయకుడు పిల్లల మీద చేసిన నేరాలు బయటపడిన గొడవలో ఆయన ఉద్యోగం పోయింది. 2012లో క్రీడాసంఘం ఆయన ఖాతాలోంచి 111 గెలుపులు కొట్టేసింది, 2015లో తిరిగి చేర్చింది. అంకె తగ్గిందీ పెరిగిందీ గానీ, ఆ పిల్లల సంగతి ఏ అంకెలోనూ లేదు. గురువును కొలవడానికి గెలుపుల పట్టిక ఒక్కటే చాలదు. గలార్డి విషయంలో కూడా నాకు అసలు రుజువు 489 కాదు. ఆటలో దిగింది పదిసార్లయినా లేకుండా, నాలుగేళ్ళూ తనది అనుకున్న ఒక పెద్దాయన మొహం.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా ఊరి గ్రంథాలయం గదిలో ప్రతి ఆదివారం పన్నెండుమంది పిల్లలకు నేను తెలుగు చెబుతాను. వచ్చే నెలలో కొత్త విడత మొదలవుతుంది. నిరుడు నేనూ ఒక వద్దుల జాబితా రాసుకున్నాను. తప్పు రాసిన మాటను ఇరవైసార్లు రాయించడం వద్దు. చదువుతూ తడబడితే 'మళ్ళీ మొదటినుంచీ' అనడం వద్దు. ఉచ్చారణ విని మిగతావాళ్ళు నవ్వడం వద్దు. మార్కుల వరుస వద్దు. జాబితాలో ప్రతి అంశం దగ్గరా వేసుకున్న ప్రశ్న ఒక్కటే: ఇది తెలుగు రావడానికి అవసరమా, లేక మా మాస్టార్లు చేశారు గనుక నేనూ చేస్తున్నానా? మిగిలిన సమయంలో ప్రతివారం ప్రతి పిల్లా ప్రతి పిల్లవాడూ ఒక పేజీ గట్టిగా చదవాలి. అందులో మాత్రం మినహాయింపు లేదు. చదివినదే మూడు వారాలు చదివిస్తాను.

ఫలితాలు ఘనంగా ఉన్నాయని చెప్పలేను. ఇద్దరు చక్కగా చదువుతున్నారు, ఏడెనిమిదిమంది కూడబలుక్కుంటున్నారు. ఒక పిల్లవాడు మూడో ఏడాదిలో కూడా థ, ధల దగ్గర ఆగిపోతాడు. అయినా ఒక్క ఆదివారం మానడు, అందరికంటే ముందొచ్చి కుర్చీలు సర్దుతాడు. మొన్న ఒక తండ్రి ఫోను చేసి, మంచి ఉద్దేశంతోనే, 'అందరినీ ఒకచోట కూర్చోబెడితే బాగా వచ్చేవాళ్ళు వెనకబడతారండీ, ఒక చిన్న పరీక్ష పెట్టి కొందరినే తీసుకోండి, మిగతావాళ్ళు వచ్చే ఏడాది వస్తారు' అన్నారు. వచ్చే ఏడాది రారని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించాను. నిన్న రాత్రి కొత్త విడతకు పేర్ల పట్టిక రాసి పంపాను. పన్నెండు పేర్లూ ఉన్నాయి. అక్షరక్రమంలో రాస్తే ఆ కుర్చీల పిల్లవాడి పేరు మొదట వచ్చింది.